కుసుమ పూతకు ముందు

ఆ చలికాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో నలుగురం ఉన్నాం. వాసన తెలిసేది ముగ్గురికే. మా ఆయన యాదన్నకు ముక్కు చచ్చి చాలా ఏళ్ళయింది. మందుల కంపెనీలో ఖాళీ డ్రమ్ములు కడిగే పనిలోనే ఆయన వయసంతా గడిచిపోయింది. పప్పు మాడినా, పాలు విరిగినా, ఇంటి వెనక కుక్క చచ్చి కుళ్ళినా ఆయనకు ఒకటే. "నా అంత సుఖపడేటోడు ఈ ఊర్ల లేడు" అని నవ్వేవాడు.

మాది గుమ్మడిదల మండలంలో ఒక పల్లె. చుట్టూ కంపెనీలే. చలికాలం పొద్దున మంచు దిగితే, దానితో పాటు కంపెనీల గ్యాసు కూడా కిందికి దిగుతుంది. ఒకరోజు కుళ్ళిన గుడ్ల వాసన, ఇంకోరోజు గోళ్ళరంగు వాసన. వీధి మొదట్లో ఎవరో ఒకరు "గ్యాసు ఇడ్సిండ్రు!" అని కేక వేస్తారు. అంతే, పిల్లల్నీ కోళ్ళనూ లోపలికి తోలి తలుపులు, కిటికీలు వేసుకుంటాం. గడప దగ్గర సందులో తడి గోనెసంచి కుక్కుతాం. ఎండ పొడిచి మంచు విడిచాక తీస్తాం. ఈ పని మా ఊళ్ళో ఎవరికీ ఎవరూ నేర్పరు.

మా కొడుకు జైపాల్ కూడా కొన్నాళ్ళు కంపెనీకి వెళ్ళాడు. ఒకసారి లోపల కళ్ళు తిరిగి పడిపోతే నలుగురు మోసుకొచ్చి గేటు బయట పడుకోబెట్టారు. ఆ రోజే మా ఆయన వాడి చేత పని మాన్పించాడు. తర్వాత జైపాల్ తేనెటీగల పెంపకం నేర్చుకుని వచ్చి పెట్టెలు తెచ్చుకున్నాడు. నీలగిరి తోటల దగ్గరో, పొద్దుతిరుగుడు చేల దగ్గరో, పూవు ఎక్కడుంటే పెట్టెలతో అక్కడికి వెళ్ళేవాడు. మా ఆయనది రోజూ ఒకటే మాట. "నేను బతికుండంగ నా కొడుకు మళ్ల కంపెనీ గేటు తొక్కొద్దు. గా ఈగలు మంచిగుంటే చాలు, నాకింకేం వద్దు."

జైపాల్ ముక్కు మాత్రం గొప్పది. సీసా మూత తీసి ఒక్కసారి పీల్చి, అది ఏ పూవు తేనో చెప్పేవాడు. మా కోడలు రవళి వాడి కళ్ళు మూసి, సీసాలు మార్చి మార్చి ముక్కు కింద పెట్టేది.

"ఇది?"

"నీలగిరి."

"మరి ఇది?"

"చింతపూత. దాంట్ల జెర యాప కలిసింది."

ఒక్కటీ తప్పేవాడు కాదు. మా ఆయన మంచం మీద నుంచి మురిసిపోయేవాడు. "నా ముక్కు గూడ వీనికే పోయినట్టుంది. ఒక్కనికి రెండు ముక్కులు!"

నేను బడికి వెళ్ళలేదు. కిరాణా పొట్లాలు కట్టిన కాగితాలు, ఎరువు బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అక్షరం ఎక్కడ కనబడినా చదవకుండా ఉండలేను. దానికి తోడు నాకు దిగులెక్కువ. మా అన్న ఒకనాడు "చాయ్ పెట్టు చెల్లె, ఇప్పుడే వస్త" అని వెళ్ళి లారీ కింద పడ్డాడు. చాయ్ మరిగి మరిగి గిన్నె మాడింది. అప్పటి నుంచి మా ఇంటి గడప ఎవరు దాటినా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. వాళ్ళు ఒక్కసారి వెనక్కి చూస్తే నాకు ధైర్యం.

* * *

కుసుమ చేలు మొగ్గ మీద ఉన్నాయి. మా పెట్టెలు ఊరి బయట లింగం అనే రైతు చేను గట్టు మీద, రాళ్ళ మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఒకరోజు జైపాల్ అరచేతిలో ఒక ఈగను పెట్టుకుని ఇంటికి వచ్చాడు. దాని రెక్కలు నలిగిన కాగితంలా ఉన్నాయి. అది ఎగరలేక చేతిలోనే పాకుతోంది.

"అమ్మా, దీని వీపు సూడు."

కళ్ళద్దాలు తెచ్చుకుని చూశాను. ఆవగింజలో సగమంత ఎర్రటి చుక్క అంటుకుని ఉంది.

"ఇదేందిరా?"

"నల్లి. ఈగను పీల్చి పిప్పి చేస్తది. పిల్ల ఈగలు రెక్కలు లేకుంటనే పుడుతున్నయ్. సగం పెట్టెలల్ల ఇదే కథ."

"మిరప తోటలకొచ్చే ఎర్రనల్లేనా?" అని మా ఆయన అడిగాడు.

"దాని తమ్ముడనుకో నాయినా. పూవు విచ్చకముందే మందు పెట్టాలె. తేనె వచ్చేటప్పుడు పెడితే తేనెల కలుస్తది. ఇప్పుడు వదిలేస్తే కుసుమ పూసే నాటికి ఈగనే ఉండదు. ఇగ నేను బస్సెక్కుడే."

బస్సంటే కంపెనీ బస్సు.

శిక్షణలో వాడికి ఇచ్చిన పుస్తకం అటక మీద ఉంటే దించి, మంచం మీద కూర్చుని పైకి చదివాను. "ఫార్మిక్ ఆసిడ్ వాడునపుడు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు, ఆవిరిని ఆపు మాస్కు ధరించవలెను. ఆరుబయట, గాలి వీపు వైపు నుండి వచ్చునట్లు కూర్చుండవలెను. దగ్గరలో నీరు ఉంచుకొనవలెను. మూసిన గదిలో ఎట్టి పరిస్థితిలోను..."

"వార్తలు ఇంతటితో సమాప్తం" అన్నాడు మా ఆయన.

"మధ్యల ఆపితె ఎట్ల? ఇంకా ఉన్నది."

"నీకు దోమల బత్తి డబ్బా చదివినా భయమే గదనే ముత్తెమ్మా."

రవళి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది. నేను ఆ పేజీ చివరిదాకా చదివాను. విన్నది జైపాల్ ఒక్కడే. రబ్బరు తొడుగులు, అద్దాలు తెస్తానన్నాడు. ఆవిరిని ఆపే మాస్కు మాత్రం దొరకలేదు. జేబురుమాలు కట్టుకుంటానన్నాడు.

రెండు రోజులకు జైపాల్ స్నేహితుడు రాకేష్ బండి మీద ఒక తెల్ల క్యాను తెచ్చాడు. వాడికి పటాన్‌చెరులో స్క్రాప్ గోదాముల వాళ్ళంతా తెలుసు.

"పెద్దమ్మా, చాయ్ పెట్టు. నీ కొడుకు ఈగలకు జొరం గోలీలు తెచ్చిన."

క్యాను చుట్టూ తిప్పి చూశాను. కాగితం చింపేసిన చోట జిగురు మరక తప్ప ఏమీ లేదు.

"దీని మీద ఏం రాసి లేదేంది బిడ్డా? పుస్తకంల ఎనభై ఐదు శాతం అని ఉన్నది. ఇది ఎంతది?"

"గంతే ఉంటది పెద్దమ్మా. షాపుల అమ్మేవన్ని నీళ్ళు. ఇది కంపెనీ సరుకు, అసలుది."

జైపాల్ మూత తిప్పాడు. రాకేష్ నోరు మూసుకుని గేటు దాకా పరిగెత్తాడు. రవళికి దగ్గు తెర వచ్చింది. నా కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. మా ఆయన మాత్రం క్యాను పక్కనే కూర్చుని మమ్మల్ని వింతగా చూశాడు.

"ఏందిరా, దయ్యాన్ని సూసినట్టు ఉరికిండ్రు? నాకైతే ఏం లేదు."

* * *

పని చూడ్డానికి చిన్నదే. స్క్రాప్ కొట్టులో దొరికే ఖాళీ ఇంజెక్షన్ సీసాల్లో ఆసిడ్ నింపాలి. మూతికి దూది వత్తి పెట్టాలి. పెట్టెకొకటి లోపల ఉంచితే ఆసిడ్ ఆవిరై నల్లి రాలిపోతుంది. ఈగ తట్టుకుంటుంది. సీసా ఆరిపోతే మళ్ళీ నింపాలి.

మొదటి పొద్దున జైపాలే కూర్చున్నాడు. నాలుగు సీసాలు నింపేసరికి వాడి కళ్ళు చింతనిప్పులయ్యాయి. దగ్గుతూ లేచిపోయాడు.

"జరుగు" అన్నాడు మా ఆయన. "నీకు ముక్కున్నది, నీతోని కాదు. నాకియ్యి."

ఆ మాట మాకందరికీ సబబుగానే తోచింది. వాసనే రాని మనిషిని ఘాటు ఏం చేస్తుంది? కంపెనీలోనూ అదే పద్ధతి. ఎవరూ దగ్గరికి పోలేని డ్రమ్ములన్నీ ముక్కు చచ్చిన వాళ్ళకే అప్పగించేవారు. సూపర్‌వైజరు ఈయన భుజం తట్టి "యాదన్న స్ట్రాంగ్ ఆద్మీ" అనేవాడట. డ్యూటీ దిగేటప్పుడు అందరి చేతుల్లో ఒక బెల్లం ముక్క, ఒక అరటిపండు పెట్టేవారు. బెల్లం తింటే ఛాతీలోకి పోయినదంతా కడుక్కుపోతుందని మా దగ్గర అందరి నమ్మకం. పని మానేసినా మా ఆయన అంగీ జేబులో బెల్లం ముక్క ఉండాల్సిందే.

జైపాల్ పట్టుబట్టి తొడుగులు వేయించాడు. అద్దాలు మాత్రం ఆయన పెట్టుకోలేదు. "అవి పెడితే సీసా మూతి కనబడది" అన్నాడు. వాకిట్లో గాలికి వీపు పెట్టి కూర్చునేవాడు. పక్కన నేను బకెట్ నిండా నీళ్ళు పెట్టేదాన్ని. ఆయన కంటి నుంచి నీరు కారుతుంటే అడిగాను.

"ఇది ఆపరేషన్ చేసిన కన్నే. దీనికి ఏడ్సుడు అలవాటు."

మందు పనిచేసింది. పెట్టెల అడుగున పరిచిన తెల్ల కాగితాల మీద నల్లి ఎర్రగా రాలింది. జైపాల్ ఆ కాగితం మడిచి తెచ్చి తండ్రి ముందు విప్పాడు.

"సూడు నాయినా! ఎట్ల రాలిందో!"

మా ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకొక్కసారి నింపితే అయిపోతది గదా? కుసుమ నీదే బిడ్డా" అన్నాడు.

* * *

ఆ చివరిసారి నింపే రోజు మంచు బాగా కురిసింది. రవళి పోతిరెడ్డిపల్లిలో తల్లిగారింటికి వెళ్ళి ఉంది. పెట్టెలు తెరిచి పట్టుకోవడానికి మనిషి కావాలని జైపాల్ నన్ను చేనికి రమ్మన్నాడు.

"పోండ్రి, పోండ్రి. మీరు పాత సీసాలు తీసేలోపల నేను కొత్తయి నింపి పెడ్త. జైపాల్ వచ్చి తీస్కపోతడు" అన్నాడు మా ఆయన. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. తలకు మఫ్లరు చుట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. రబ్బరు తొడుగు వేసిన చెయ్యి ట్రాఫిక్ పోలీసులా ఎత్తి చూపించాడు.

చేనికి చేరిన కాసేపటికి గ్యాసు దిగింది. ఎప్పటికంటే ఎక్కువగా ఉంది. ఊళ్ళో నుంచి "ఇడ్సిండ్రు!" అని కేకలు వినబడ్డాయి. ఈగ ఒక్కటీ బయటికి రాలేదు. మేమిద్దరం కొంగులు, తువ్వాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుని మోటరు షెడ్డులో కూర్చున్నాం. ఎండ వచ్చేసరికి చాలా పొద్దెక్కింది.

ఇంటికి వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది. నీళ్ళ బకెట్ ఒక్కటే ఉంది. తలుపు వేసి ఉంది. కిటికీలు వేసి ఉన్నాయి. గడప సందులో తడి గోనెసంచి అంచు కనబడుతోంది.

జైపాల్ తలుపు కొట్టాడు. లోపల గోనెసంచి లాగుతున్న చప్పుడయింది. మా ఆయన తలుపు తీసి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఒక్క సందు లేకుంట కుక్కిన. గ్యాసు లోపలికి రానియ్యలే."

ఆ గదిలోని గాలి నా ముఖానికి కొట్టింది. చీమల పుట్ట ముక్కులోకి దూరినట్టు అయింది. నేలమీద బేసినులో నింపిన సీసాలు వరసగా ఉన్నాయి. క్యాను పక్కన నేల తడిసి, దాని మీద పొయ్యి బూడిద పోసి ఉంది.

"మోకాలు తాకి జెర ఒలికింది. బూడిద కొట్టిన" అన్నాడు.

జైపాల్ ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాగాడు. కిటికీలు తెరిచి వచ్చి, బకెట్‌లోని నీళ్ళు ఆయన ముఖం మీద, చేతుల మీద గుమ్మరించాడు.

"అరే, ఏమైందిరా? చలి పెడ్తుంది. నీ పనే గద చేసిన. అన్ని నింపిన, తీస్కపో."

"ఆస్పత్రికి పోదాం నాయినా."

"దేనికి? గింత దగ్గుకా? డ్రమ్ములల్ల దిగి కడిగినోన్నిరా నేను!"

జేబులో నుంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. చాయ్ అడిగి తాగాడు. నిజంగానే ఏమీ కానట్టు కనబడ్డాడు. జైపాల్ కాసేపు చూసి, సీసాల బేసిను బండి మీద పెట్టుకుని చేనికి వెళ్ళాడు. ఈగలు ఆగవు కదా.

మధ్యాహ్నం పప్పు, అన్నం తిన్నాడు. గోడ నీడలో కూర్చుని నన్ను పుస్తకం చదవమన్నాడు. "ఆ పేజీ కాదు, ఈగల రాణి ఉంటది సూడు, అది సదువు." చదువుతూ ఉంటే ఆయన ఊపిరి చప్పుడు వినబడటం మొదలైంది. కుండలో నీళ్ళు ఉడుకుతున్నట్టు చప్పుడు. తలెత్తి చూస్తే పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పడుకోబెట్టబోతే వద్దని చెయ్యి విదిలించాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు.

పక్కింటివాళ్ళు 108కు ఫోన్ చేశారు. బండి వచ్చేసరికి జైపాల్ కూడా వచ్చి తండ్రితో ఎక్కాడు. నన్ను రేపు తీసుకుపోతానన్నాడు. వెనక తలుపు వేసేటప్పుడు నాకు ఆయన పాదాలు మాత్రమే కనబడ్డాయి. ముఖానికి మాస్కు పెట్టేశారు. ఆయన నా వైపు చూశాడో లేదో తెలియలేదు.

* * *

మర్నాడు సంగారెడ్డి ఆస్పత్రిలో, జైపాల్ తెచ్చి చూపిన ఆ తెల్ల క్యానును డాక్టరమ్మ తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఎంత గాఢత? ఎవరైనా చెప్పగలరా?"

కాగితం చింపేసిన జిగురు మరక చూపించాను. ఆమె మా ఆయన మీదికి వంగింది. "ఇంత ఘాటుకి ఎవరైనా బయటికి పరిగెత్తుతారు పెద్దాయనా. మీకు వాసన రాలేదా?"

ఆయన మాస్కు కొంచెం ఎత్తి, "ముక్కు లేదు మేడం" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది ఆమె. నేను డ్రమ్ముల సంగతి చెప్పాను. ఆమె క్యాను కింద పెట్టింది.

"ముక్కు చచ్చిపోయిందమ్మా. ఊపిరితిత్తులు బాగానే ఉండేవి కదా. అవి పీల్చుకున్నాయి" అంది.

కుసుమ ఎప్పుడు విచ్చిందో నేను చూడలేదు. ఆస్పత్రి వరండాలోనే ఆ రోజులన్నీ గడిచాయి. జైపాల్ సీసాలన్నీ తీసేసి, మిగిలిన ఆసిడ్‌ను రాకేష్‌కు అప్పగించాడు. రాకేష్ తల ఎత్తకుండా తీసుకుపోయాడట. ఆ ఏడు మా పెట్టెలు ఎన్నడూ లేనంత బరువెక్కాయి. నల్లి లేదు. మా ఆయన చేసిన పని అంత శుభ్రంగా ఉంది.

ఆయన ఇంటికి వచ్చాడు. ఆయనతో పాటు గాలి ఇచ్చే మిషను వచ్చింది. ముక్కులో గొట్టాలు పెట్టుకుని మంచం మీద కూర్చోవడమే. వాకిలి దాకా నడిస్తే ఆయాసం. పెట్టెలు పూవు వెంట తిరగాలి, ఊళ్ళకు ఊళ్ళు పోవాలి. ఈయన్ని నేను, రవళి లేపలేం. జైపాల్ ఇల్లు వదిలి వెళ్ళడానికి లేదు. కంపెనీలో చేరితే ఈఎస్ఐ కార్డు వస్తుంది. దాని మీద తల్లిదండ్రులకు కూడా వైద్యం చేస్తారు.

ఈ మాటలన్నీ జైపాల్ నేల చూస్తూ చెప్పాడు. మా ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"గేటు... తొక్కొద్దన్న... గద."

"తొక్కుత లేను నాయినా. బస్సు లోపలిదాక పోతది."

మా ఆయన నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

* * *

పెట్టెలు కొన్నది జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఐలన్న. పెట్టెలు కదిలించాలంటే చీకటి పడాలి. మేతకు వెళ్ళిన ఈగలన్నీ ఇల్లు చేరాక మూతులు మూయాలి. ఐలన్న పొద్దు ఉండగానే డీసీఎం లారీతో వచ్చాడు.

"జెర సేపు ఆగు ఐలన్నా. ఇంకా వస్తున్నయ్" అన్నాను.

"నేను ఆగుతనక్కా. డ్రైవరు ఆగడు. ఇంకో కిరాయి ఉన్నదంట."

జైపాల్ పెట్టెల మూతులకు జాలీ కొట్టాడు. ఒక్కో పెట్టె మీద అరచెయ్యి ఆనించి, తీసి, బండి ఎక్కించాడు. బండి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు మొదలైంది. కాళ్ళకు పసుపు పుప్పొడి అంటించుకుని ఈగలు ఒక్కొక్కటే వచ్చాయి. పెట్టెలు ఉన్న ఎత్తున, ఖాళీ గాలిలో తిరిగాయి. దిగాయి, లేచాయి, మళ్ళీ దిగాయి. చివరికి ఉత్త రాళ్ళ మీద గుంపులు గుంపులుగా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

"పోదాం పా అమ్మా" అన్నాడు జైపాల్.

మలుపు దగ్గర నేను వెనక్కి చూశాను. వాడు చూడలేదు.

* * *

వాడు బస్సెక్కి వెళ్తున్నాడు, వస్తున్నాడు. రోజూ గడపలో నిలబడి చూస్తాను. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం వాడు డ్యూటీ దిగి వచ్చి తండ్రి మంచం పట్టె మీద కూర్చున్నాడు. వాడి అంగీ నుంచి వచ్చే ఘాటుకు నాకు గొంతు పట్టేసింది.

రవళి లోపలి నుంచి తేనె సీసా తెచ్చింది. ఐలన్నకు పెట్టెలు ఇవ్వకముందు పిండిన కుసుమ తేనె. ఇంట్లో మిగిలింది అదొక్కటే. ఇంట్లో నవ్వు విని చాలా రోజులైందని కాబోలు, వెనక నుంచి మొగుడి కళ్ళు మూసి, మూత తీసి ముక్కు కింద పెట్టింది.

"ఇది?"

జైపాల్ పీల్చాడు. ఆగి మళ్ళీ పీల్చాడు. మిషను చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"నీలగిరి" అన్నాడు.

రవళి నా వైపు చూసింది. ఆమె చేతులు ఇంకా వాడి కళ్ళ మీదే ఉన్నాయి. మంచం మీద నుంచి మా ఆయన గొంతు వచ్చింది.

"కరెక్టు. నా కొడుకు... తప్పుతడా?"

"అవును బిడ్డా, నీలగిరే" అన్నాను.

రవళి సీసా మూత గట్టిగా బిగించి లోపలికి తీసుకుపోయింది. జైపాల్ జేబులో చెయ్యి పెట్టి, కంపెనీలో ఇచ్చిన బెల్లం ముక్క తీశాడు. సగం తుంచి తండ్రి అరచేతిలో పెట్టాడు. మిగిలిన సగం నోట్లో వేసుకున్నాడు.